లెవెల్ దిగిన ఇత్తడి వీరుడు

నేను ఒక ఇత్తడి వీరుణ్ణి. బొటనవేలంత ఉంటాను, చేతిలో గండ్రగొడ్డలి. అంతకుముందు నేనొక కారుతున్న కుళాయిని. పెంబర్తిలో ఒక ముసలాయన నన్ను నీరయ్యేదాకా కాల్చాడు, అచ్చులో పోశాడు, చల్లారాక ఆకురాయి పెట్టి ఒళ్లంతా గీకాడు. అప్పటినుంచీ దెబ్బలు నాకు కొత్తకాదు.

నన్ను కొన్న కొమురెల్లి హన్మకొండలో మోటార్లకు వైండింగ్ చేసే మనిషి. వీధిలో ఎవరైనా గొంతు పెంచితే పక్కకు తప్పుకుంటాడు. ఆదివారం క్లబ్బులో మాత్రం నా పేరు చెప్పుకుని తలలు నరుకుతాడు. అక్కడ బల్ల చుట్టూ చేరి, మాలాంటి బొమ్మల్ని జరుపుతూ ఒక్కొక్కరు ఒక్కో వీరుడై కథలో నడుస్తారు. దెబ్బ తగిలిందో లేదో పాచిక చెబుతుంది. బల్లలు వేరైనా రాజ్యం ఒక్కటే. ఒక బల్ల మీద గెలిచిన లెవెల్ అన్నిటి మీదా చెల్లుతుంది, ఒక చోట చస్తే అన్నిచోట్లా చచ్చినట్టే. ఒక్కో లెవెల్‌కూ కొమురెల్లి నా గొడ్డలి కర్రకు మోటారు రాగి తీగ ఒక చుట్టు చుట్టేవాడు. అలా తొమ్మిది చుట్లు పడ్డాయి.

అప్పుడు ఆయన భార్య నీలవేణి ఆటలోకి వచ్చింది. ఆమె బొమ్మ ఒక విలుకత్తె, మొదటి లెవెల్. తోడేళ్లు చుట్టుముట్టాయి. ఆమె పాచిక అందుకునేలోపే నేను ఒకదాని వెన్ను విరిచి, ఇంకోదాని దవడ చీల్చి, మిగతావాటిని కుప్ప పోశాను. కొమురెల్లి మెచ్చుకోలు కోసం భార్య వైపు చూశాడు. ఆమె పాచికను పక్కన పెట్టేసింది.

"నువ్వుంటే నాకు సావు భయమే లేదు. ఇంక నేను ఆడుడేంది? వచ్చే వారం నువ్వొక్కనివే పో" అన్నది.

ఆయన ముఖం మాడిపోయింది. ఆమెను రమ్మని ఏళ్ల తరబడి బతిమాలినవాడు మరి. మరునాడే ఆట నడిపే జోసెఫ్ దగ్గరికి పోయి తన లెవెల్ ఒకటికి దించమన్నాడు. జోసెఫ్ ససేమిరా అన్నాడు. రక్తం చిందించి సంపాదించింది ఎవడైనా వదులుకుంటాడా అని కోప్పడ్డాడు. రక్తం చిందించింది నేను, వీళ్లు చిందించింది చాయ్. చివరికి, దిగిన లెవెల్ ఊరికే తిరిగిరాదని చెప్పి ఒప్పుకున్నాడు.

కొమురెల్లి కటింగ్ ప్లేయర్‌తో నా చుట్లు ఒక్కొక్కటే తెంపాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకూ వచ్చింది. కర్రకు ఒక్క చుట్టు మిగిలింది.

తర్వాతి పోరు కొండదారిలో, దొంగలతో. నా భుజం తెగింది. విలుకత్తె తొడలో బల్లెం దిగింది. ఆమె కింద పడగానే దొంగల నాయకుడు మెడ మీదికి కత్తి ఎత్తాడు. కొమురెల్లి ఆలోచించలేదు, పాత అలవాటుగా నన్ను అడ్డం జరిపాడు. తొమ్మిదో లెవెల్లో ఆ వేటు నాకు చిన్న గీత. ఇప్పుడది మెడ నుంచి రొమ్ము దాకా చీల్చింది.

జోసెఫ్ పాచిక చూసి, "నీ వీరుడు పోయిండు, కొమురెల్లీ" అన్నాడు.

నీలవేణి పళ్లు బిగించి తన పాచిక విసిరింది. బాణం నాయకుడి కంట్లో దూరి తల వెనక తేలింది. ఆమె కళ్లు నిండాయి. అయినా ఇంకో బాణం తీసింది.

నేనిప్పుడు చచ్చిన బొమ్మల డబ్బాలో ఉన్నాను. మూత సందులోంచి మాటలు వినిపిస్తాయి. కొమురెల్లిది కొత్త వీరుడు, మొదటి లెవెల్. నీలవేణి చాలా లెవెల్లు పైకి పోయింది. మొన్న ఒక రాక్షసుడు ఎదురైతే ఆయన మళ్లీ ముందుకు దూకబోయాడు.

"ఆగు. నా ఎన్క నిలబడు" అన్నది ఆమె. ఆయన బొమ్మ వెనక్కి జరిగిన చప్పుడయ్యాక మళ్లీ ఆమే అన్నది. "మొదటి దెబ్బ మాత్రం నువ్వే కొట్టు."