చీలమండలో కరిగే స్క్రూ

మా మనవరాలు ఉమ్మే కుల్సుమ్ మెట్ల మీంచి జారి చీలమండ విరగ్గొట్టుకుంది. డాక్టరు ఆపరేషన్ చేసి మెగ్నీషియం స్క్రూ పెట్టాడు. ఎముక అతికాక అది ఒంట్లోనే కరిగిపోతుందట. తీయడానికి మళ్లీ కోయక్కర్లేదట.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు. నేను కళాయి పెట్టేవాణ్ని. ఇత్తడి గిన్నెలో పులుసు పోస్తే లోహం పులుసులోకి దిగుతుంది. అట్లా దిగకుండా లోపల తగరం పూయడమే నా పని. మనుషుల కడుపులోకి లోహం పోకూడదని బతుకంతా పొయ్యి ముందు కూర్చున్నవాణ్ని, పిల్ల ఎముకలో కరిగే లోహాన్ని ఎట్లా ఒప్పుకుంటాను? పైగా ఎక్స్‌రేలో స్క్రూ చుట్టూ నల్లగా ఉంది. గాలి బుడగ, అదే పోతుంది అన్నాడు డాక్టరు. నేను నమ్మలేదు.

"తీపిద్దాం. ఎల్బీ నగర్‌ల ఇంకో దవాఖాన చూసిన," అన్నాను కోడలు బషీరాతో.

"మళ్ల కోస్తరా, అబ్బాజాన్?"

మంచం మీద కుల్సుమ్ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

మర్నాడు తుర్కయాంజాల్‌లో నా పాత ఖాతాదారు కోటేశ్వరమ్మకు కళాయి పెట్టిన గిన్నెలు ఇవ్వడానికి పోయాను. నా వాలకం చూసి అడిగింది. చెప్పాను. వాళ్లమ్మాయి నీహారిక ఇబ్రహీంపట్నం కాలేజీలో ఆ లోహం మీదే పరిశోధన చేస్తోందని అప్పుడే తెలిసింది.

"మా ల్యాబ్‌కి రండి తాతగారూ. చూశాక మీ ఇష్టం," అంది ఆ పిల్ల.

పోయాను. గాజు గ్లాసుల్లో నీళ్లు. మన రక్తంలో ఉండే ఉప్పులే అందులో కలిపారట. మనిషి ఒళ్లంత వెచ్చగా ఉంచారు. లోహం ముక్కలు దారాలకు వేలాడుతున్నాయి. ఒక ముక్క నుంచి బుడగలు జలజలా లేస్తున్నాయి.

"మీరు ఎక్స్‌రేలో చూసిన నలుపు ఇదే. కరిగేటప్పుడు గాలి పుడుతుంది."

పక్క గ్లాసులో ముక్క తెల్లగా పొర కట్టి ఉంది. నా చెయ్యి ఊరుకోలేదు. పైకి తీసి, భుజం మీది గుడ్డతో గట్టిగా తోమాను.

"అయ్యో తాతగారూ! ఎన్నాళ్ల పని అది!"

"చిలుము పట్టింది గద బిడ్డా."

ఆ పిల్ల నా చేతిలోంచి ముక్కను లాక్కుంది. తర్వాత నవ్వేసింది.

"మచ్చ కనపడితే మీ చెయ్యి ఆగదని అమ్మ అంటూనే ఉంటుంది. సరే, తోమేశారుగా, ఇప్పుడు చూడండి."

ముక్కను మళ్లీ నీళ్లలో వేలాడదీసింది. తోమిన చోట లోహం తళతళలాడింది. అక్కణ్నుంచే బుడగలు మొదలయ్యాయి. తెల్లది మిగిలిన చోట దాదాపు ఏమీ లేవు.

చాలాసేపు చూశాను.

"అంటే, గా తెల్లది కళాయా?"

"అలాంటిదే. దానంతటదే పెట్టుకుంటుంది. అందుకే మొదట్లో వేగంగా కరుగుతుంది, తర్వాత నిదానిస్తుంది."

"పిల్ల కాలుల గూడ గిట్లనే అయితదా?"

"గాజులో జరిగేది నేను చెప్పగలను. కాలు సంగతి డాక్టరే చూడాలి. ఎక్స్‌రేలు మాత్రం మానకండి."

తెలియనిదాన్ని తెలుసనలేదు. అక్కడే నా మనసు కుదుటపడింది.

ఎల్బీ నగర్ పోలేదు. తర్వాతి ఎక్స్‌రేలో నలుపు చిన్నదైంది. ఎముక అతుకుతోంది అన్నాడు డాక్టరు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో కుల్సుమ్ అడిగింది.

"దాదా, నా స్క్రూ అయిపోతదా?"

"అవ్. జర టైం పడ్తది."

"దానికి నువ్వు కళాయి పెట్టవా?"

"వద్దు. అదే పెట్టుకుంటది. నా చేతికి దొరకకుంట ఉంటే చాలు."