నవ్వనుకుంది

ఆయన గొంతు ఎరగని మనిషి ఆ ఊళ్ళో లేడు. స్టేషన్లో ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో, ఏది ఎంత ఆలస్యమో ఏళ్ళ తరబడి మైకులో చెప్పింది ఆయనే. అత్తవారింట్లో అందరికీ "మైకు బావ". ఆయన చెబితే బండి ఆలస్యమైనా తిట్టుకోబుద్ధి కాదని తోటి ఉద్యోగులు వేళాకోళం చేసేవారు. అలాంటి గొంతులో పుండు లేచింది. డాక్టర్లు ప్రాణం దక్కించారు గానీ స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ అడుగున చిన్న కన్నం పెట్టి, ఇకమీదట ఊపిరి ఇటునుంచే అన్నారు.

తర్వాత ఆయన్ని పోయిన సామాన్ల గదికి మార్చారు. గొడుగులు, కళ్ళజోళ్ళు, ఒంటి చేతితొడుగులు, ఎవరూ వెతుక్కుంటూ రాని ఒక ఊతకర్ర. కిటికీ దగ్గరకి వచ్చినవాళ్ళు పోయింది ఫలానా అని చెబుతారు, ఈయన లోపలికి వెళ్ళి వెతికి తెస్తాడు. మాట్లాడే పని లేదు. గొంతుకి ఆనించుకుని మాట్లాడే మర ఒకటి ఆసుపత్రివాళ్ళు ఇచ్చారు గానీ, అందులోంచి వచ్చే గొంతు రేకుడబ్బాలో పడ్డ తుమ్మెదలా ఉంటుంది. మొదటిసారి దాంతో మాట్లాడినప్పుడు కిటికీ అవతల ఓ పసిపిల్ల జడుసుకుని తల్లి కొంగులో దూరింది. ఆ రోజే దాన్ని సొరుగులో పడేశాడు.

భార్యది కర్టెన్లు కుట్టే దుకాణంలో పని. పొద్దస్తమానం మిషన్ చప్పుడు మీద నుంచి మాట్లాడి మాట్లాడి ఆవిడకి గట్టిగా మాట్లాడటం అలవాటైపోయింది. ఆయనకి మాట పోయాక ఇద్దరి వంతూ తనే మాట్లాడేది. "మా ఆయనకి కాఫీలో పంచదార తక్కువ." "మా ఆయనకి ఈ రంగు నచ్చదు." ఆయనకి ఒక్కోసారి ఒళ్ళు మండేది. కానీ ఆయన పెదాలు చూసి మాట పట్టుకోగలిగింది లోకంలో ఆవిడ ఒక్కతే.

"మీ పెదాలు చదవడం నాకు పేపరు చదివినంత తేలిక," అనేది గొప్పగా. "పేపర్లో అన్నా అచ్చుతప్పులుంటాయి."

ఆపరేషనయిన ఏడాదికి ఆవిడ తమ్ముడు టిక్కెట్లు పట్టుకుని వచ్చాడు. తీరానికి దూరంగా పక్షుల కోసం వదిలేసిన దీవి ఒకటుంది. అక్కడ ఇళ్ళు లేవు, దుకాణాలు లేవు, రాత్రి ఉండనివ్వరు. మోటారు చప్పుడికి పక్షులు బెదురుతాయని తెరచాప పడవ మీదే తీసుకెళతారు.

"ఎన్నాళ్ళు ఆ గొడుగుల మధ్య కూర్చుంటారు బావా? ఒక్కరోజు గాలి మార్పు. అక్కయ్యా, నువ్వయినా చెప్పు," అన్నాడు తమ్ముడు.

అక్కయ్యకి చెప్పించుకోవాల్సిన అవసరం లేదు. అప్పటికే ఏ చీర కట్టుకోవాలో ఆలోచిస్తోంది.

రేవులో పడవ నడిపే సరంగు వాళ్ళిద్దరి కోసం ఎదురుచూస్తున్నాడు. నెరిసిన గడ్డం, పొదుపైన మాట. ఈయన మెడకి చుట్టుకున్న రుమాలు, దాని వెనక కన్నం చూసి, "నీళ్ళలో పడితే ఇబ్బందే కదండీ," అన్నాడు.

"ఇబ్బందేమిటి, మునిగిపోతారు," అంది ఆవిడ. "అందుకే మధ్యలో కూర్చోబెట్టండి. నేను పక్కనుంటాను. మాట్లాడే మర కూడా తేలేదు, ఉప్పునీళ్ళు తగిలితే పాడవుతుందని నేనే వద్దన్నాను."

సరంగు ఒక్కటే జాగ్రత్త చెప్పాడు. తెరచాప అడుగు అంచుకి పొడవాటి వాసం కట్టి ఉంది. గాలి తిరిగితే అది పడవకి ఈ పక్క నుంచి ఆ పక్కకి ఒక్క ఊపున వస్తుంది. "నేను 'తల' అని అరుస్తాను. అరవగానే వంగిపోవాలి. ఎందుకూ అని అడక్కూడదు."

"ఎందుకూ అని అడక్కుండా ఉండటం మా ఆవిడ వల్ల కాదు," అని పెదాలతో అన్నాడు ఆయన. ఆవిడ ఆ మాట సరంగుకి పైకి చదివి వినిపించి, తనే పకపకా నవ్వింది. పోయేటప్పుడు సరంగు రెండుసార్లు అరిచాడు, ఇద్దరూ రెండుసార్లూ బుద్ధిగా వంగారు.

దీవి కాపలా చూసే అమ్మాయి ఒడ్డునే ఎదురొచ్చి, వేలు పెదాల మీద పెట్టుకుంది. పక్షులు ఇసకలోనే గుడ్లు పెడతాయి, గట్టిగా మాట వినిపిస్తే లేచిపోతాయి, లేస్తే గుడ్లు ఎండకి ఉడికిపోతాయి అని గుసగుసగా చెప్పింది. తాళ్ళు కట్టిన దారి దాటకూడదు, దీవి దాటేదాకా మాట్లాడకూడదు.

ఆయన భార్య వంక చూశాడు. ఆవిడ అరచేత్తో నోరు మూసుకుని, కళ్ళు పెద్దవి చేసి, తన వల్ల అవుతుందా అన్నట్టు చూసింది.

అయింది. తాళ్ళ మధ్య దారిలో ఇద్దరూ ఎంతోసేపు నడిచారు. ఇసకంతా తెల్లటి పక్షులే. ఒకటి కాళ్ళు ఎడంగా వేస్తూ, రెక్కలు కొంచెం ఎత్తి, పెత్తనం చేసే ముసలమ్మలా అటూ ఇటూ తిరుగుతోంది. ఆవిడ దాన్ని చూపించి, మీ మేనత్త అని పెదాలతో అంది. మొదటిసారిగా ఆవిడ పెదాలు ఆయన చదివాడు. నవ్వాపుకోలేక తాడు పట్టుకుని ఊగిపోయాడు. ఆయన నవ్వుకి చప్పుడుండదు. నోరు పెద్దగా తెరుచుకుంటుంది, భుజాలు అదురుతాయి, అంతే. ఆవిడా అలాగే చప్పుడు లేకుండా నవ్వింది. ఏడాదిగా వాళ్ళిద్దరూ సమానంగా ఉన్నది ఆ కాస్సేపే. గొంతున్నవాళ్ళు గొంతు దాచుకోవాల్సిన చోటు ఒకటుందని, ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుండునని ఆయనకి అనిపించింది. చేయి చాచి ఆవిడ వేళ్ళు పట్టుకున్నాడు. ఆవిడ వెనక్కి తీసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో పడవ దీవి నీడ దాటిందో లేదో, ఆవిడ నోరు కట్ట తెగింది. ఆ పక్షి ఎలా నడిచిందీ, ఆ అమ్మాయి ఒంటరిగా ఎలా ఉంటుందీ, పొయ్యి ఎక్కడ పెట్టుకుంటుందీ, ఒకదాని మీద ఒకటి. ఆయన వింటున్నాడు. ముందువైపు చిన్న తెరచాప తాడు ఎక్కడో చిక్కుకుంటే సరంగు చుక్కానిని కట్టేసి, "కదలకుండా కూర్చోండి, ఇప్పుడే వస్తా," అని ముందుకి పాకాడు.

ఆవిడ కూర్చోలేదు. "ఇదిగో, ఇలా నడిచింది," అంటూ లేచి నిలబడింది. ఆయనకి ఎదురుగా, తెరచాపకి వీపు పెట్టి, మోచేతులు ఎత్తి, కాళ్ళు ఎడంగా పెట్టి రెండడుగులు వేసింది. అచ్చం ఆ పక్షే. అచ్చం మేనత్తే.

ఆవిడ భుజం మీదుగా తెరచాప వణకడం ఆయన చూశాడు. అప్పటిదాకా బిర్రుగా ఉన్న బట్ట ఒక్క క్షణం వదులైంది. వాసం కదిలింది.

ఆయన అరిచాడు. "వంగు!" అని అరిచాడు. లోపల ఆ అరుపు ఆయనకి వినిపించింది కూడా, పాత గొంతుతో, స్టేషనంతా మోగిన గొంతుతో. బయటికి వచ్చింది మాత్రం మెడకింద రుమాలుని కదిపిన గాలి. ఆవిడకి కనిపించింది పెద్దగా తెరుచుకున్న నోరు, అదురుతున్న భుజాలు. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇంకొంచెం రెక్కలెత్తి, మూడో అడుగు వేసింది.

వాసం ఆవిడ భుజాన్నీ మెడనీ కలిపి కొట్టింది. ఎండుకర్ర విరిగిన చప్పుడు. ఆవిడ పడవ అంచు మీద పడి, లోపలికే జారింది. సరంగు "తల" అని అరుస్తూనే వెనక్కి దూకాడు. అప్పటికి అంతా అయిపోయింది.

ఆయన ఆవిడ తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. నొప్పి ఇంకా అందినట్టు లేదు, ఆశ్చర్యంగా చూస్తోంది.

"నవ్వుతున్నారనుకున్నానండీ," అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"చూశారా మీరు? అది రావడం?"

కావాలంటే ఆయన అబద్ధమాడగలిగేవాడే, ఆడలేదు. తల నిలువుగా ఊపాడు. తర్వాత ఆవిడని నొప్పి అందుకుంది.

ఆసుపత్రిలో భుజం ఎముక మూడు ముక్కలైందన్నారు, నరం నలిగిందన్నారు. పెద్ద డాక్టరు వచ్చి, చేయి ఉంటుంది గానీ భుజం దాటి పైకి లేవదని చెప్పి వెళ్ళాడు. వరండాలో బల్ల మీద కూర్చుని ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. చప్పట్లు కొట్టి ఉండాల్సింది. కాలితో పడవ చెక్క మీద ఒక్క తన్ను తన్ని ఉండాల్సింది. ఒక్క ఉదుటున లేచి ఆవిడ నడుం పట్టుకుని కిందకి లాగి ఉండాల్సింది, చేతికందే దూరంలోనే ఉంది. ఇవేవీ తోచలేదు. ఉన్న ఆ ఒక్క క్షణాన్నీ లేని గొంతుకి ఇచ్చేశాడు.

ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. ఆవిడ అసలే అనలేదు. దుకాణంవాళ్ళు మంచివాళ్ళే, మిషన్ పని తప్పించి కర్టెన్లకి కొక్కేలు కుట్టే పని ఇచ్చారు. ఆయన మర సొరుగులోంచి తీసి మెడలో తాడుకి కట్టుకు తిరిగాడు. ఆవిడ తల దువ్వడం నేర్చుకున్నాడు, జాకెట్టు హుక్కులు పెట్టడం నేర్చుకున్నాడు. ఆవిడ ఓపిగ్గా నిలబడి పెట్టించుకునేది. మాటలు మాత్రం తగ్గిపోయాయి. కాఫీ కొట్టువాడు పంచదార ఎక్కువ వేస్తే, ఆయన తరఫున చెప్పడం మర్చిపోయేది. ఆయన అదే తాగేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు భోజనానికి వచ్చాడు. టిక్కెట్లు తెచ్చింది తనేనన్న బాధ వాడికి లోపల ఉంది, అందుకని వచ్చినప్పుడల్లా నవ్వించాలని చూస్తాడు. ఆఫీసులో పెద్దసారు కుర్చీ విరిగి ఎలా పడ్డాడో చేతులు తిప్పుతూ చెప్పాడు. బాగానే చెప్పాడు. ఎన్ని నెలల తర్వాతో ఆయనకి నవ్వొచ్చింది. నోరు తెరిచాడు, భుజాలు కదిలాయి.

ఎదురుగా కూర్చున్న ఆవిడ గభాలున వంగిపోయింది. నుదురు కంచం అంచుకి తగిలింది, బాగున్న చేయి తల మీదకి వెళ్ళింది. మంచినీళ్ళ గ్లాసు బోర్లా పడింది.

తమ్ముడు అది కూడా తమాషాకేననుకుని ఇంకా గట్టిగా నవ్వాడు.

ఆయన నోరు మూసుకున్నాడు. ఆవిడ మెల్లగా లేచి, నుదుటికి అంటిన మెతుకు తుడుచుకుని, "ఏం లేదురా, నడుం పట్టేసింది," అంది. తమ్ముడికి ఇంకొంచెం కూర వేసింది.

మర్నాటి నుంచి ఆవిడ కంచం ఆయనకి ఎదురుగా పెట్టుకోవడం మానేసింది. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని, ఇద్దరూ గోడవైపు చూస్తూ తింటున్నారు. ఆయన మొహం కనపడకపోతేనే ఆవిడకి ముద్ద దిగుతుంది.