నారకు అడ్డంగా

వేళ్ళకు తుప్పు వాసన.

సబ్బుతో కడిగినా పోదు. నిమ్మచెక్కతో రుద్దినా పోదు. నానిన ఇనుము, వెనిగర్, తడిసిన గరుకు కాగితం... అన్నీ కలిసి పులిసిన వాసన. జడ అల్లుకుంటే జుట్టుకు అంటుతుంది. పడుకుంటే దిండుకు అంటుతుంది.

ఆమె పట్టించుకోదు.

ముక్కు మూసుకోవడానికి ఆ ఇంట్లో ఇంకొకరుంటే కదా.

వారమంతా ఆమెది కళ్ళజోళ్ళ కొట్టులో పని. ఒక పక్కకు ఒరిగిన ఫ్రేమును వేడిచేసి వంచుతుంది. ఊడిన చీమతలంత మరను బిగిస్తుంది. తుడిచి, ముక్కు మీద పెట్టి, "ఇప్పుడు కనబడుతోందాండీ?" అంటుంది. కనబడుతుంది. నవ్వుతారు. వెళ్ళిపోతారు.

శనివారం సాయంత్రం కొట్టు కట్టేశాక ఆమె కాళ్ళు ఇంటిదారి పట్టవు.

పాత సామాన్ల వీధి పడతాయి.

అక్కడ, నేల మీద పరిచిన గోనెల మీద, ఎవరికో అక్కర్లేనివన్నీ. మూడు కాళ్ళ కుర్చీ. గాజు లేని లాంతరు. మూత ఒకచోటా డబ్బా ఒకచోటా. అన్నీ ఒకప్పుడు ఎవరో ముచ్చటపడి కొనుక్కున్నవే... అమ్మేవాళ్ళకు ఆమె సంగతి తెలుసు. "మీ చేతిలో పడితే బాగుపడుతుందమ్మా" అని ఎందుకూ పనికిరానిదాన్ని అంటగడతారు. ఆమె మొహమాటపడి తెచ్చుకుంటుంది.

అతను వెళ్ళిపోయాక పట్టుకున్న అలవాటు ఇది.

అతను, ఆమె భర్త. ఒకప్పుడు.

ఒక రోజు పెట్టె సర్దుకుని ఇంకొకావిడ ఇంటికి వెళ్ళిపోయాడు. అరుపులు లేవు. గిన్నెలు ఎగరలేదు. పళ్ళు తోముకునే బ్రష్షుతో సహా ఏదీ మరిచిపోలేదు. తర్వాత కోర్టు, సంతకాలు. అంతా పెళ్ళిచూపులంత మర్యాదగా జరిగింది.

అతని వైపు చుట్టాలు కూడా మర్యాదగానే జారుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు. చిన్నత్తగారైతే వీధిలో ఎదురుపడి, గిరుక్కున అటు తిరిగి, అరటిపళ్ళవాడితో బేరానికి దిగింది. ఆవిడకు అరటిపండు పడదు.

మిగిలింది ఒక్క ఆడపడుచు.

చిట్టి.

ఆమె కాపురానికి వచ్చేనాటికి చిట్టి రెండు జడల పిల్ల. వదిన కొంగు పట్టుకుని వంటింట్లో తిరిగేది. ఇప్పుడు తనకూ ఒక ఇల్లు, ఒక సంసారం. భర్తది రంగులూ మేకులూ అమ్మే కొట్టు. కొట్టు పేరుకే అతనిది. ఏ రంగు ఏ గోడకు నిలుస్తుందో చెప్పేది చిట్టే.

అతను వెళ్ళిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం పొద్దున, ఫోను మోగింది.

"వదినా..."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఒక్కటే.

"వదినా, మాంసం ఉడకట్లేదు. చెప్పు అట్టలా ఉంది. ఏం చెయ్యను?"

ఓదార్చడానికి చేసింది పిచ్చిపిల్ల. ఓదార్చడం చేతకాక మాంసం గురించి అడిగింది.

"మంట తగ్గించు," అంది ఆమె. "మూత పెట్టు. నీళ్ళు చాలకపోతే వేడినీళ్ళు పొయ్యి. చన్నీళ్ళు పోస్తే బిగుసుకుంటుంది. తొందరపడకు చిట్టీ. దానికి కావలసినంత సేపు దానికివ్వు."

ఫోను పెట్టేశాక, అప్పుడు ఏడ్చింది. కరువుతీరా ఏడ్చింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారమూ అంతే.

"ఏం దొరికింది వదినా ఈసారి?"

"పెనం. తుప్పు పట్టి పొలుసులు లేస్తోంది."

"ఉప్పు చల్లి బంగాళాదుంప చెక్కతో రుద్దు. లొంగకపోతే వెనిగర్‌లో కాసేపు ముంచు. మరీ వదిలేశావా, తుప్పుతో పాటు ఇనుమునూ తినేస్తుంది. తర్వాత కడిగి, ఆరబెట్టి, నూనె రాసి మంట మీద పెట్టు."

"సరే. నీ కూర ఎలా కుదిరింది?"

"మా ఆయన గిన్నె ఊడ్చేశారు. నాకు పులుసు మిగిల్చారు, అదీ అడుగున."

నవ్వులు. ఫోనులో నవ్వు కొంచెం ఆలస్యంగా వస్తుంది... వచ్చాక కాసేపు ఉంటుంది.

"చెక్కను నార వెంట రుద్దాలి వదినా. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి."

"మాంసాన్ని నారకు అడ్డంగా కొయ్యాలి చిట్టీ. నార వెంట కోస్తే పళ్ళ సందున పీచు."

"ఇదెక్కడి తద్దినం వదినా! ఏది ఎటో గుర్తుండి చావదు."

అతని మాట మాత్రం ఎన్నడూ రాలేదు. 'అన్నయ్య' అన్న మాట నాలుక చివరి దాకా వస్తే చిట్టి దగ్గేది. ఆ దగ్గును బట్టే ఆమె గ్రహించుకునేది. వచ్చి వెళ్ళాడు. బాగున్నాడు. కాస్త ఒళ్ళు చేశాడు.

కొట్టులో ఆమె 'మేడమ్'. మేడ మీదివాళ్ళకు 'కింది పోర్షన్ ఆవిడ'. పాత సామాన్ల వీధిలో 'అమ్మా'.

వదినా అని పిలిచే గొంతు లోకం మొత్తం మీద ఒక్కటి.

నిజానికి ఆ వరస ఎప్పుడో తెగిపోయింది. కాగితాల మీద తెగింది. అయినా ఆదివారం ఆదివారం ఆ పిలుపు వచ్చేది. చిట్టి మాట ఎక్కడ మొదలుపెట్టినా చివర అది ఉండేది. ఉప్పు చూసుకో వదినా. వాన వచ్చేలా ఉంది వదినా. ఉంటా వదినా.

ఫోను చెవికి పెట్టుకుని అలా వినేది ఆమె. పెట్టేసిన తర్వాత కూడా.

ఒక ఆదివారం ఫోను పెందలాడే మోగింది.

ఆమె కుర్చీకున్న పాత రంగు గీకుతోంది. పచ్చ రంగు కింద తెలుపు, తెలుపు కింద ఇంకో పచ్చ.

"వదినా, స్టేక్ చెయ్యాలి. అరచేతి మందాన ముక్కలు తెచ్చాను. కొట్టువాడు ముసలి మాంసం అంటగట్టాడు, కత్తి దిగట్లేదు. పచ్చిబొప్పాయి నూరి పట్టిస్తున్నా. ఎంతసేపుంచాలి?"

"అంత పెద్దవి ఎవరికే?"

దగ్గు.

పొడుగాటి దగ్గు.

"మధ్యాహ్నం భోజనానికి వస్తామన్నారు వదినా... ఇద్దరూ."

ఇద్దరూ.

కిటికీలోంచి ఎండ వచ్చి కుర్చీ మీద పడింది. గీకిన రంగు పొట్టు గాలికి కదిలింది.

పచ్చిబొప్పాయి మాట ఆమెకు తెలుసు. అరగంట. ఆ తర్వాత కడిగెయ్యాలి. ఇంకా ఉంచితే అది ఆగదు, తింటూనే ఉంటుంది. ముక్క ముక్కలా ఉండదు... ఎవరో నమిలి ఉమ్మినట్టు అవుతుంది.

"మధ్యాహ్నం దాకా ఉంచెయ్," అంది.

కుర్చీ మీది రంగు పొట్టును ఊదేసింది.

"అంతసేపే?"

"గట్టిదన్నావుగా. ఫోర్కుతో బాగా పొడిచి, పట్టించి వదిలెయ్. కడగొద్దు."

"అందుకే నిన్నడిగేది వదినా," అంది చిట్టి. "నువ్వు లేకపోతే నేనేం కాను?"

ఫోను పెట్టేసింది.

ఆమె మళ్ళీ కుర్చీ ముందు కూర్చుంది. గీకింది. గరగర... గరగర... కళ్ళ ముందు బల్ల కనబడింది. పళ్ళెం కనబడింది. కత్తి ఆన్చగానే ముద్దగా చితికిపోయే ముక్క కనబడింది. అతనేమీ అనడు. రెండు వేళ్ళతో పళ్ళెం అంగుళం ముందుకు తోస్తాడు. అంతే. ఆ అంగుళం ఎంత దూరమో ఆమెకు తెలుసు. ఆ కొత్తావిడకు ఇంకా తెలిసి ఉండదు. తెలియనీ. ఇవాళ తెలియనీ.

ఒంట్లో ఏదో తియ్యగా పాకింది.

కాసేపే.

ఎందుకంటే ఆ బల్ల దగ్గర ఇంకొకరు నిలబడి ఉన్నారు. గరిటె పట్టుకుని. తెల్లారకముందే లేచి, ఇల్లు తుడిచి, మంచి పళ్ళాలు దించి... ముఖం పాలిపోయి. వదిన చెప్పిందని ఒక్క ముక్క అనదు చిట్టి. చంపినా అనదు. "నాకే చేతకాలేదు అన్నయ్యా" అంటుంది.

గీకుడు బిళ్ళ చేతిలోంచి జారింది.

ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. మిక్సీ చప్పుడులో వినబడదు దానికి. ఏనాడూ వినబడదు.

చెప్పులు వేసుకుని వీధిన పడింది. చీర కుచ్చిళ్ళ నిండా పచ్చరంగు పొట్టు. బస్సు ప్రతి స్టాపులోనూ పెళ్ళివారి బండిలా ఆగింది. ఆమె నిలబడే ఉంది. సీటు ఖాళీ ఉన్నా నిలబడే ఉంది.

చిట్టి తలుపు తీసింది. ముఖం విచ్చుకుంది. మరుక్షణం కళ్ళు గోడ గడియారం మీదికి పోయాయి.

"వదినా! నువ్వేంటి... ఇప్పుడు..."

"కడిగావా?"

"నువ్వే వద్దన్నావుగా."

ఆమె అప్పటికే వంటింట్లో ఉంది. వేలితో నొక్కి చూసింది. పైపొర తడిసిన రొట్టెలా లోపలికి పోయింది. లోపల ఇంకా ఉంది. ఇంకా బతికే ఉంది. కుళాయి తిప్పింది. చల్లని నీళ్ళలో ఒక్కో ముక్కనూ కడిగింది. మెత్తబడినంత మేరా కత్తి వీపుతో గీసి తీసేసింది... పొద్దుటి పనే ఇది కూడా, రంగుకు బదులు మాంసం.

గుడ్డతో తడి అద్దింది. ఉప్పు. మిరియాలు. పెనం ఎర్రగా కాలనిచ్చింది.

చిట్టి పక్కన నిలబడి చూస్తోంది. మెల్లగా అంది,

"తప్పు చెప్పావా వదినా?"

"చెప్పాను."

"మర్చిపోయి ఉంటావు."

తాడు విసిరింది పిల్ల. పట్టుకుంటే ఒడ్డున పడొచ్చు.

"లేదు," అంది ఆమె.

పెనం మీద మొదటి ముక్క పడింది. చుయ్యిమంది.

చిట్టి గట్టు తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే తుడిచింది. తర్వాత, తల ఎత్తకుండా,

"నేనైతేనా, ఉప్పు డబ్బా మొత్తం బోర్లించేదాన్ని," అంది.

ఇద్దరికీ నవ్వొచ్చింది. నోళ్ళు మూసుకుని నవ్వారు. చావింట్లో నవ్వొస్తే పిల్లలు నవ్వినట్టు. చిట్టి కళ్ళు తుడుచుకుంది. "పొగ," అంది. పొగ నిజంగానే ఉంది.

తలుపు గంట మోగింది.

నవ్వు ఆగింది.

"వెనక మెట్లున్నాయిగా," అంది ఆమె. "ఈ ఆఖరిది దించి నేను వెళ్తాను. దించాక కాసేపు కదపకు. వెంటనే కోస్తే రసమంతా పళ్ళెం పాలవుతుంది. నువ్వెళ్ళు. ముఖం కడుక్కుని వెళ్ళు."

చిట్టి చెయ్యి తుడుచుకుంది. వెళ్ళింది.

తలుపు తీసిన చప్పుడు. చెప్పులు విడిచిన చప్పుడు. ఆ బరువైన అడుగులు ఆమెకు తెలుసు. వాటి వెనక తేలికపాటివి... అవి తెలియవు.

తర్వాత చిట్టి గొంతు. నిండుగా, హాలంతా వినబడేలా.

"రండి వదినా! కూర్చోండి."

"ఆఁ, వస్తు..."

ఆమె నోరు పలికేసింది.

చటుక్కున అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. మిరియాల చెయ్యి. కళ్ళు భగ్గుమన్నాయి. పెనం చుయ్యిమంటూనే ఉంది. హాల్లో ఎవరికీ వినబడి ఉండదు. కుర్చీలు జరిగాయి. ఎవరో వాన గురించి మాట్లాడారు. ఆ కొత్త గొంతు మెల్లగా, భయంభయంగా, "మీరు శ్రమపడ్డారు," అంది. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు అలాగే మాట్లాడతారు. ఆమె కూడా అలాగే మాట్లాడింది ఒకప్పుడు. ఇంచుమించు ఆ హాల్లాంటి హాల్లోనే.

స్టవ్ ఆపింది.

చిట్టి పళ్ళాల కోసం వచ్చింది. ముఖాన పౌడరు. పళ్ళాలు లెక్కపెట్టుకుంటూ, వాటివైపే చూస్తూ,

"ఉప్పు సరిపోయిందా..." అంది.

ఆగింది.

ఆ మాట చివర ఒక చోటు ఉంది. ఎన్నో ఏళ్ళుగా నిండి ఉన్న చోటు. చిట్టి పెదవులు అక్కడి దాకా వెళ్ళాయి. గోడకు అవతల మనుషులున్నారు. పెదవులు మూసుకున్నాయి.

"సరిపోయింది," అంది ఆమె.

చిట్టి తలెత్తి చూసింది. ఆ చూపులో ఏముందో చదివేలోపు హాల్లోంచి ఎవరో పిలిచారు. పళ్ళాలు గలగలలాడుతూ వెళ్ళిపోయాయి.

వెనక మెట్లు సన్నగా, ఇనుపవి. దిగుతుంటే ఒక్కో మెట్టూ మోగింది. ఆమె మునివేళ్ళ మీద దిగింది.

ఎండ నెత్తిన ఉంది. బస్సులో కూర్చుంది ఈసారి. పక్కన ఒళ్ళో కూరల సంచి పెట్టుకుని ఒకావిడ. ఆవిడ రెండుసార్లు ముక్కు ఎగబీల్చింది. ఇక ఉండబట్టలేక,

"ఏం వండి వస్తున్నారండీ? నోరూరిపోతోంది," అంది.

"మాంసం."

"మెత్తగా వస్తుందా మీకు? మా ఇంట్లో రబ్బరేనండీ. ఆయన నమిలీ నమిలీ నావైపు చూస్తారు."

ఆమెకు నవ్వొచ్చింది. "నారకు అడ్డంగా కొయ్యండి," అంది. "పచ్చిబొప్పాయి పట్టిస్తే అరగంట... అరగంటే ఉంచండి. కడిగెయ్యండి."

"అరగంటే," అని ఆవిడ శ్రద్ధగా తలూపింది. కొంచెం దగ్గరగా జరిగింది. "విందు ఎవరింట్లోనండీ? చుట్టాలా?"

"మా..."

బస్సు మలుపు తిరిగింది. సంచిలోంచి ఒక టమాటా దొర్లి పడింది. ఆవిడ వంగి, అందుకుని, తుడిచి, సంచిలో వేసుకుని, మళ్ళీ ఆమెవైపు తిరిగింది. తొందరేమీ లేదు ఆవిడకు. నవ్వుముఖంతో చూస్తోంది, ఆ మాట పూర్తవుతుందని.

"మా..."

వేళ్ళకు మిరియాల వాసన. పొగ వాసన. కింద ఎక్కడో, ఇంకా, తుప్పు వాసన.