మూసిన తలుపు వెనక అచ్చు

సరోజ పట్టపగలు తలుపులు మూసుకుని కరపత్రాలు అచ్చు వేస్తోందని పక్కింటి లస్మవ్వ అన్నదట. ఆ మాటను జవాను మొండయ్య రాజురా కచేరీదాకా మోసుకొచ్చాడు. రాజురా ఏ రాష్ట్రంలో కలుస్తుందో తేలని రోజులవి. సభల్లో తిరిగితే కొలువు పోతుందని గుమాస్తాలకు భయం. సరోజ మొగుడు రామకిషన్ కూడా గుమాస్తానే. తన ఇంట్లో తప్పేమీ లేదని చూపించడానికి మొండయ్యనే సాక్షిగా వెంటబెట్టుకొచ్చాడు.

"తలుపెందుకు మూసినవ్?" రామకిషన్ అడిగాడు.

"గాలి తగిల్తె రంగు జాలిలనే ఎండిపోతది."

సరోజ చెక్క చట్రానికి జాలీ తెరలా పాత పట్టుపంచె బిగించి, దాని కింద మైనపు కాగితంలో కోసిన చిలక అచ్చు పెట్టి, పైన రంగు పోసి చెక్కముక్కతో లాగుతోంది. మిగిలిపోయిన గుడ్డపేలికల మీద పచ్చ చిలకలు పడుతున్నాయి. వాటితో సంచులు కుడుతుందట. రామకిషన్ మనసు కుదుటపడింది.

మొండయ్య మాత్రం ఒక పేలికను తిరగేశాడు. వెనక ఎర్రరంగుతో 'రాజురా మాది' అన్న రాత సగం తెగి ఉంది.

"గీ బ్యానర్ గుడ్డ యాడిది వదినె?"

సరోజ చేతికంటిన రంగు తుడుచుకుంది.

"ఈయననే మీటింగుల నుంచి తెచ్చి వడ్ల గుమ్మి ఎనుక దాచిండన్నా. ఊకెనే పడున్నదని కోసిన."