అడుక్కునే రాత

మాకు మీరు నేర్పింది ఒకే ఒక్క రాత. అడుక్కునే రాత. కచేరీలో ఫ్యాను కింద కూర్చున్న దొరలారా, మీకే చెబుతున్నాను. వానలు రాని ప్రతి ఏడూ మా చేత దండాలు పెట్టించుకున్నారు. ఎవడు ఎక్కువ ఏడిస్తే వాడికి ముందు గంజి పోశారు. ఎవడి అర్జీలో చావులు ఎక్కువ ఉంటే ఆ అర్జీ పైకి తీశారు. తన గురించి చెప్పుకోవడమంటే తన ఏడుపు చెప్పుకోవడమే అని ఒక తరం మనుషులకు బుర్రల్లోకి ఎక్కించి, ఇప్పుడు తీరిగ్గా 'నీకేం పని వచ్చో రాసుకుని రా' అంటున్నారు. ఎవరికి వచ్చు ఆ రాత? జయరాముడి చావుకు తూటా కారణమని మీ పంచనామాలో ఉంది. అబద్ధం. కారణం మీరు. ఎట్లాగో చెబుతాను, వినండి.

బాబావలిది యాడికి అనే ఊరి దగ్గర ఒక పల్లె. బావుల్లో తూటాలు పేల్చడం ఆయన పని. మా నేలలో రెండు నిలువులు దిగేసరికి బండ తగులుతుంది. ఆ బండ మీద ఇనపకడ్డీ నిలబెట్టి సమ్మెటతో కొట్టి కొట్టి బొక్క వేయాలి. అందులో మందు కూరి, వత్తి పెట్టి, అందరినీ పైకి పంపి, వత్తి ముట్టించి చివరగా తాను ఎక్కి రావాలి. ఆ తర్వాత గట్టున కూర్చుని పేలుళ్ళు లెక్కపెట్టాలి. పెట్టినవన్నీ పేలితేనే దిగాలి. ఒకటి తగ్గిందా, ఇక ఆ రోజుకు ఆ బావిలో పని లేదు. కాంట్రాక్టరు ఎంత అరిచినా సరే.

బాబావలి నోరు పెద్దది. టీ అంగట్లో కూర్చుంటే తన గొప్ప తానే చెప్పుకునేవాడు. "నా పెండ్లికి బ్యాండు పెట్టలేదప్పా, నాలుగు తూటాలు పేల్చినా. మా మామ ఇప్పటికీ ఒక చెవి వినబడదంటాడు" అనేవాడు. అన్నీ చెప్పేవాడు గానీ ఒక్క మాట మాత్రం నోట్లోంచి రానిచ్చేవాడు కాదు. తాను తూటా పెట్టిన బావిలో ఇంతవరకు ఒక్క మనిషి పోలేదన్న మాట. ఊరంతా అనుకునేది అది. ఆయన ముందు ఎవరన్నా అనబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. దిష్టి. ఆ మాట బయటికి వచ్చిన రోజున బావి మనిషిని అడుగుతుందని ఆయన భయం.

మొన్న అరవై రెండులో సర్కారు ఊళ్ళలో మంచినీళ్ళ బావులు తవ్వించడానికి పూనుకుంది. మా తాలూకాకు ఒక తూటా మేస్త్రీ కావాలని కచేరీ గోడ మీద కాగితం అంటించారు. నెలజీతం. చేతికింద పదిమంది. పనివాళ్ళు తమ అనుభవం రాసి అర్జీ పెట్టుకోవాలి.

బాబావలికి జీతం మీద ఆశ లేదనను. ఆ వయసులో రోజుకూలి మీద సమ్మెట ఎత్తేవాడికి ఆశ ఉండదా? కానీ ఆయన భార్య హబీబాతో అన్నది వేరు.

"మేస్త్రీనైతే ఎప్పుడు దిగల్ల, ఎప్పుడు దిగగూడదు అనేది నేను చెప్పేది. కాంట్రాక్టరు కాదు, ఓవర్సీరు కాదు. నేను. నా మాట మీద పది ప్రాణాలు పైన నిలబడతాయి హబీబా. అది కావల్ల నాకు."

ఇద్దరూ కలిసి నారాయణప్ప దగ్గరికి వెళ్ళారు. నారాయణప్ప కచేరీ ముందు వేపచెట్టు కింద చాప వేసుకుని అర్జీలు రాసే పెద్దమనిషి. యాభై రెండు కరువులో ఆయన రాసిన అర్జీలకు మూడు పల్లెల్లో గంజి పొయ్యిలు వెలిగాయి. ఆయన చెయ్యి అంటే అంత పేరు. మంచి మనిషి. బీదవాళ్ళ దగ్గర దుడ్లు తీసుకునేవాడు కాదు. ఆయన్ని నేను తప్పు పట్టను. ఆయన కూడా మీ బడిలోనే చదివాడు.

"ఏం పని వచ్చప్పా నీకు?" అని నారాయణప్ప అడగలేదు. ఆయన అడిగింది ఇది:

"ఇంట్లో తినేవాళ్ళు ఎంతమంది?"

"ఐదుమంది స్వామీ."

"ఎనిమిది అని రాస్తా. చేను?"

"లేదు."

"ఎండిపోయిందని రాస్తా."

పక్కన కూర్చున్న హబీబా ఊరుకోలేదు. "లేని చేను ఎట్ల ఎండుతాది స్వామీ?"

"ఉండుంటే ఎండేదే కదమ్మా. నేనేమన్నా అబద్ధం రాస్తాండానా?"

రాయడం అయ్యాక నారాయణప్ప గొంతు సవరించుకుని చదివాడు. మహారాజరాజశ్రీ దొరవారి దివ్యసముఖమునకు మిక్కిలి దీనుడైన బాబావలి సాష్టాంగపడి చేసుకొను విన్నపము. వానలు లేక, పైరులెండి, పశువులు కూలి, ఆలుబిడ్డలతో ఆకులలములు తిని ప్రాణములు నిలుపుకొనుచున్నాము. తల్లియు తండ్రియు తామే. ఏదియో యొక ఆధారము చూపి మా ప్రాణములు నిలుపవలెను.

చదువుతుంటే చుట్టూ కూర్చున్నవాళ్ళు కొంగులు తీసి కళ్ళు తుడుచుకున్నారు. తన అర్జీ కోసం వచ్చిన ఒక ముసలమ్మ "ఎవురి బిడ్డో పాపం, ఈ ఏడు దాటడు" అంది. ఆ బిడ్డ ఎదురుగానే మీసం మెలేసి కూర్చున్నాడు. విచిత్రం ఏమిటంటే బాబావలి కళ్ళల్లో కూడా నీళ్ళు తిరిగాయి. ఆ కాగితంలోని మనిషి మీద ఆయనకే జాలి వేసింది.

హబీబా ఒక్కతే ఏడవలేదు. "దీంట్లో ఈయన యాడుండాడు స్వామీ?" అంది. "సాష్టాంగం మేమెప్పుడు పడినాం? పోనీ, పడినామనే అనుకుందాం. పని యాడుండాది? మా అన్న గుంతకల్లులో రైలింజన్ల కాడ చేస్తాడు. ఆడ పై పనికి అర్జీ పెడితే ఏమేం చేసినాడో అది రాస్తారంట. ఈయన తవ్విన బావులు రాయండి. ఎట్లాంటి బండ పగలగొట్టినాడో రాయండి. ఈయన బావిలో ఇంతవరకూ ఒక్క మనిషి గూడా..."

బాబావలి చెయ్యి ఆమె నోటికి అడ్డం వచ్చింది. "అనొద్దు."

"సరిగ్గా ఆపినావప్పా" అన్నాడు నారాయణప్ప. "అట్లాంటి మాట కాగితం మీద పెట్టగూడదు. ఇంగ నువ్వు చెప్పేది గూడా విన్యానులేమ్మా. నాకు పని వచ్చు అని రాస్తే ఏమంటారో తెలుసునా? వీనికి పొగరు అంటారు. వీడు ఎట్లైనా బతుకుతాడులే అని పక్కన పెడతారు. ఇన్నేండ్లుగా చూస్తాండా. ఏడిచినోని కాగితమే కదులుతాది ఈడ."

ఇంటికి నడుస్తూ హబీబా గొణుగుతూనే ఉంది. బాబావలి నవ్వాడు. "నా తూటాలో ఆయన వేలు పెడతాడా? పెట్టడు. ఆయన కలంలో మనమెందుకు పెట్టేది? ఎవురి పని వానికి తెలుసు."

ఈ మాట చాలా మర్యాద గల మాట. పని తెలిసిన మనిషి ఇంకొక పని తెలిసిన మనిషికి ఇచ్చిన మర్యాద. ఆ మర్యాదే ఆయన్ని ముంచింది.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది. ఊళ్ళో చదివించుకుంటే, భార్యాభర్తలు ఇద్దరికీ కరువు పని కింద రోడ్డు మీద కంకర కొట్టే పని ఇచ్చినట్టు ఉంది. బాబావలి మరునాడు కచేరీకి వెళ్ళి గుమాస్తా వెంకటేశులు ముందు నిలబడ్డాడు.

"నేను అడిగింది మేస్త్రీ పని సామీ."

వెంకటేశులు కట్ట విప్పి కాగితం తీశాడు. "నువ్వు అడిగిందే ఇచ్చినాం కదప్పా. 'ఏదియో యొక ఆధారము చూపి ప్రాణములు నిలుపవలెను.' ఆధారం చూపినాం. ప్రాణం గూడా నిలబడే ఉండాది, ఎదురుగా నిలబడి మాట్లాడతాండావు."

"తూటా పని అని లేదా దాంట్లో?"

"తూటా అనే మాటే లేదు. కావాలంటే నువ్వే చూసుకో." కాగితం తిప్పి పట్టాడు. బాబావలికి అక్షరాలు రావు. అయినా చూశాడు. "ఈడ రెండు కట్టలు ఉంటాయప్పా. ఉద్యోగం కట్ట ఒకటి, కరువు కట్ట ఒకటి. 'ఆలుబిడ్డలు' అనే మాట కనబడితే కరువు కట్టలో ఎయ్యమని దొర చెప్పినాడు. నేను ఏసినా."

"ఇప్పుడు చెప్తా. రాసుకో."

"ఇప్పుడేం చెప్తావు? గడువు దాటిపాయ. మేస్త్రీ పని జయరామునికి అయిపోయింది."

జయరాముడు కాంట్రాక్టరు వీరప్పకు బావమరిది. మీసం సరిగ్గా రాని కుర్రవాడు. బావుల దగ్గర మోకు మోశాడు, లాంతరు పట్టాడు, ఈమధ్యనే సమ్మెట పట్టాడు. వీరప్ప గుంతకల్లులో ఇంగ్లీషులో టైపు కొట్టించిన కాగితంలో మాత్రం అతను పది బావులు తవ్వించిన అనుభవశాలి. మోకు మోసిన బావులన్నీ తవ్వించిన బావులయ్యాయి. ఆ కాగితంలో ఏడుపు లేదు. అందుకని అది ఉద్యోగం కట్టలో పడింది. దొర బావి దగ్గరికి పోయి చూశాడా? కడ్డీ ఇచ్చి కొట్టమన్నాడా? లేదు. రెండు కాగితాలూ అబద్ధాలే. దొర రెండింటినీ నమ్మాడు.

జయరాముడు చెడ్డవాడు కాదు. జీతం ఎక్కిన వారానికే బాబావలి కంకర కొడుతున్న చోటికి వచ్చాడు. నెత్తిన కొత్త టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మామా, నన్ను తిట్టుకుంటాండావా?"

"నిన్నెందుకురా తిట్టేది. టోపీ బాగుండాది. పెట్టుకో, ఎండ."

"మా బావ రాయించినాడు మామా. నేను మోసింది మోకే. నీకు తెలుసు కదా."

"తెలుసులే. మోకు మోసినోడు మేస్త్రీ అయినాడు. బావులు తవ్వినోడు కంకర కొడతాండాడు. రేపు ఈ కంకర కొట్టేటోళ్ళను కలెక్టర్లను చేస్తారేమో చూస్తాం." చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. జయరాముడు కూడా నవ్వాడు.

వేసవి ముదిరే కొద్దీ బావి పని ఆ రోడ్డు పక్కకే వచ్చింది. రెండు చేల అవతల. ఒకరోజు పొద్దున జయరాముడు మళ్ళీ వచ్చాడు. ఈసారి నవ్వు లేదు.

"మామా, ఐదు తూటాలు పెట్టినా. ఈ బండ ఏందో వేరేగా ఉండాది. ఒక్కసారి వచ్చి చూసిపో. ఓవర్సీరు వచ్చి కూర్చున్యాడు, సాయంత్రంలోగా కొలత కావల్లంటాండాడు. తొందరపెడతాండాడు."

బాబావలి సమ్మెట ఆపలేదు. ఆయన కూడా మనిషే. లోపల ఎక్కడో ఉడుకుతూనే ఉంది.

"చూసేదానికి నీకు జీతం ఇస్తాండారు కదరా. నాకు కంకరకిస్తాండారు. నా పని నేను చేస్తాండా. పో."

జయరాముడు వెళ్ళిపోయాడు.

ఎండ నెత్తికి ఎక్కాక పేలుళ్ళు మొదలయ్యాయి. రోడ్డు మీద ఎవరూ పట్టించుకోలేదు. బాబావలి చెయ్యి మాత్రం ఆగింది. ఆ చెవి తనంతట తానే లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఆ తర్వాత ఏమీ లేదు. సమ్మెట పారేసి లేచాడు. హబీబా "ఏమైంది?" అని అడిగేసరికి ఆయన చేలో పడి పరిగెత్తుతున్నాడు.

"దిగొద్దురా. రేయ్, దిగొద్దు. నాలుగే. నాలుగే పేలినాయి."

బావి గట్టున ఓవర్సీరు చేతి గడియారం చూసుకుంటున్నాడు. రెండు ఒకేసారి పేలి ఉంటాయి, దిగు అన్నాడట. జయరాముడు దిగాడు. మేస్త్రీ కదా, ముందు తనే దిగాడు. కూలివాళ్ళను పైనే ఉండమన్నాడు. ఆ ఒక్కటీ బాబావలి దగ్గర చూసి నేర్చుకున్నది.

బాబావలి ఇంకో చేను దాటాల్సి ఉండగా ఐదోది పేలింది.

జయరాముడి తల్లి అంజనమ్మ ఏడవలేదు. కొడుకు టోపీ గట్టు మీద దొరికితే దాని దుమ్ము దులిపింది. దులుపుతూనే కూర్చుంది. మిగిలిందాన్ని మోకుకు కట్టి పైకి తెచ్చింది బాబావలి. ఆ బావిలోకి ఆయన దిగింది ఆ ఒక్కసారే.

మేస్త్రీ పని మళ్ళీ ఖాళీ అయింది. గోడ మీద మళ్ళీ కాగితం అంటించారు. ఈసారి హబీబా బాబావలిని చెయ్యి పట్టి లాక్కొచ్చినంత పని చేసి నారాయణప్ప ముందు కూర్చోబెట్టింది. నారాయణప్ప చాలాసేపు కలం తీయలేదు. తీశాక అన్నాడు:

"నాకు తెలిసిన రాత ఇంగ రాయనమ్మా. నువ్వు చెప్పు. నువ్వు చెప్పినట్టే రాస్తా."

హబీబా చెప్పింది. ఏ ఊళ్ళో ఏ బావి. తెల్ల బండకు ఎంత మందు, నల్ల బండకు ఎంత. ఏ కాంట్రాక్టరు దిగమంటే దిగనని సమ్మెట పారేసి ఇంటికొచ్చాడో, ఆ పూట కూలి పోయి పొయ్యి వెలగని సంగతి కూడా. నారాయణప్ప తలెత్తకుండా రాశాడు. చివరకు హబీబా భర్త వైపు చూసి, ఈసారి చెయ్యి అడ్డం రాకముందే అనేసింది.

"రాయి స్వామీ. ఈయన తూటా పెట్టిన బావిలో ఒక్క మనిషి గూడా పోలేదు."

చెయ్యి అడ్డం రాలేదు. నారాయణప్ప రాసేదాకా బాబావలి చూశాడు.

"కొట్టెయ్ స్వామీ ఆ మాట."

"దిష్టి అంటావా? ఇంగేం దిష్టప్పా, అయ్యేది అయిపోయింది."

"దిష్టి కాదు. అబద్ధం. జయరాముడు పోయినాడు."

"అది నీ బావి కాదు కదా."

"నా బావి కావల్సింది" అన్నాడు బాబావలి. "పిలిచినాడు స్వామీ. నా పని నేను చేస్తాండా పో అన్నాను. ఆ మాట నిజమైనప్పుడు రాయనీలేదు. ఇప్పుడు రాస్తే ఆ పిల్లోన్ని నేను రెండోసారి పొమ్మన్నట్టు. కొట్టెయ్."

హబీబా కొంగు నోట్లో కుక్కుకుంది. నారాయణప్ప ఆ వరుస మీద గీత పెట్టాడు. సిరా ఆరాక కాగితం మడిచాడు.

దొరలారా, గీత పెట్టిన ఆ అర్జీ ఇప్పుడు మీ బల్ల మీద ఉంది. దాన్ని ఏ కట్టలో వేశారో నాకు తెలియదు. ముందు ఆ కట్టలు విప్పండి. పనివాడికి ఉద్యోగం ఇవ్వాలంటే కాగితం తూకం వేయడం మానండి. బావి గట్టుకు రండి, కడ్డీ చేతికివ్వండి, ఎదురుగా నిలబెట్టి మా భాషలో అడగండి, చెబుతాడు. జయరాముడి జీతం అంజనమ్మ బతికున్నంతకాలం ఆమెకు ఇవ్వండి. దిగమన్న ఓవర్సీరును బోనులో నిలబెట్టండి. దిగొద్దు అనే అధికారం బాబావలికి ఇవ్వండి, ఇంకో బావిలో ఇంకొకడు దిగకముందే ఇవ్వండి. గీత కింద ఆ మాట ఇంకా కనబడుతూనే ఉంది, చదవండి. అది నిజం. దాన్ని అబద్ధం చేసింది ఆయన కాదు. ఈ చావు మాది అని దాని పక్కనే మీ చేత్తో రాయండి. రాసి సంతకం పెట్టండి.