పంతొమ్మిదో ఎక్కం

మా అబ్బాయి చిన్నప్ప పట్టాళంలో చేరి బర్మా యుద్ధానికి వెళ్లాక, వాడి ఉత్తరాల మీద ఉండే పట్టాళం నంబరు నాకు కంఠతా వచ్చేసింది. అయిదు లక్షల పదివేల అయిదువందల పదకొండు. క్రిస్మస్ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. నంబరే మిగిలింది.

మా అమ్మ ఒకటి నేర్పింది. మనిషి ఊరు దాటితే గుప్పెడు చింతపిక్కలు తీసి జంటలు జంటలుగా పక్కన పెట్టాలి. చివర ఒంటిపిక్క మిగిలితే పోయినవాడు తిరిగొస్తాడు. ఫాదరుగారు వింటే కేకలేస్తారు గానీ, నరసరావుపేటలో మా వీధి ఆడవాళ్లంతా చాటుగా చేసేదే. ఇంత పెద్ద నంబరుకు పిక్కలెక్కడివి? చిన్నప్ప లెక్కల పుస్తకం చూసి నేర్చుకున్న భాగహారం పలక మీద మొదలుపెట్టాను. రెండుతో ఒకటి మిగిలింది. మనసు ఆగలేదు. మూడుతో చేశాను, ఒకటే. నాలుగు, ఆరు లాంటివి వీటిలో పుట్టినవేనని వదిలేశాను. అయిదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు. దేనితో భాగించినా ఒకటే మిగిలింది.

కోడలు కృపామణికి గుంటూరు ఆసుపత్రిలో నర్సు చదువుకు సీటొచ్చింది. సోమవారం చేరాలి. దానికి పలక చూపించాను.

"వాడు వస్తున్నాడే. ఎక్కడికీ పోబాక. వచ్చేసరికి నువ్వు లేకపోతే ఏంది వాడి గతి?"

కృపామణి గిన్నెలు తోముతూనే పలక వైపు చూసింది. "అత్తా, పట్టాళంలో చేరిన రోజు వరసలో ఆయన ముందు నిలబడ్డోడికి ఒకటి తక్కువ నంబరు ఇచ్చుంటారు గదా?"

"ఇస్తే?"

"నీకు అన్నిట్లో ఒకటి మిగిలిందంటే, వాడికి అన్నిట్లో సున్నా. ఒక్క పిక్కా మిగలదు. వాడికీ అమ్మ ఉంటది. ఆమె ఇప్పుడే ఏడ్చుకోవాలా?"

"నోరు ముయ్యవే. నీకు చానా తెలుసు."

"తెలవకే చదువుకుంటానంటున్నా."

అది నీళ్లకు వెళ్లింది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఆ ముందువాడి తల్లి ఎవరో, ఏ ఊరో. గడప దాకా వెళ్లి వచ్చాను. అసలు పదిహేడు దగ్గర ఎందుకాగాను? పంతొమ్మిదో ఎక్కం నాకు సరిగ్గా రాదు, అందుకని. వేళ్ల మీద కూడుకుంటూ ఎక్కం రాసుకుని, భాగించాను. ఇరవై ఆరువేల ఎనిమిదివందల అరవై తొమ్మిది సార్లు పోయింది. కింద సున్నా.

మళ్లీ చేశాను. సున్నా.

చెంగుతో తుడిచేశాను. ఈ పిల్ల నాతోపాటు గోడలు చూస్తూ కూర్చుంటే, రేపు నేను పోయాక దీని చేతిలో ఏముంటుంది?

"నీ పెట్టెకు తాళం సరిగా పడుతుందటే?" అన్నాను, అది గుమ్మంలోకి రాగానే.

బిందె దించకుండా నిలబడిపోయింది. "పలకేది అత్తా?"

"పలక సంగతి నీకెందుకు? చీరలు మడత పెట్టుకో."

సోమవారం పొద్దున రైలు కిటికీ చువ్వలు పట్టుకుని అడిగాను: "అక్కడ నీకూ నంబరిస్తారా?"

"ఇస్తారేమో."

"చిన్నది ఇమ్మని అడుగే. పిక్కలకు అందేంత."

కృపామణి నవ్వబోయి, నా వేళ్ల వైపు చూసింది. "చువ్వలు వదులత్తా. బండి కదుల్తోంది."