అరువు మంట

రుబ్బురోలు ముందు కూర్చుని పట్టమ్మాళ్ కన్నకూతురి మీద కుళ్ళుకుంటోంది. ఇలాంటి తల్లులు లోకంలో ఉండరని మీరనుకుంటే అది మీ మంచితనం. ఉంటారు. కుడిచేత్తో పొత్రం తిప్పుతూ, ఎడంచేత్తో పిండి లోపలికి తోస్తూ, గుమ్మంలో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్న పన్నెండేళ్ళ పిల్లని ఓరగా చూసి, 'దీనికెంత రాత రాసిపెట్టాడు దేవుడు' అని లోపల్లోపలే ఉడికిపోతూ ఉంటారు. పిల్ల పేరు యువరాణి. ఆ పేరు ఏరికోరి పెట్టింది పట్టమ్మాళే. పెట్టిన పేరు ఇలా నిజమై కూర్చుంటుందని అప్పుడు ఆమెకేం తెలుసు.

సంగతేమిటంటే, విరుదునగర్‌కి పరాయి దేశాల లాయర్లు వచ్చారు. ఎక్కడో హేగ్ అనే ఊళ్ళో ప్రపంచానికంతా కలిపి ఒక కోర్టు పెట్టబోతున్నారట. యుద్ధాల్లో ఊళ్ళు తగలబెట్టినవాళ్ళనీ, పిల్లల చేతికి తుపాకులిచ్చినవాళ్ళనీ అక్కడ బోనులో నిలబెడతారట. అలాంటి కోర్టులో పిల్లలు సాక్ష్యం చెప్పాల్సి వస్తే వాళ్ళని ఎలా అడగాలి, ఎలా వినాలి, పిల్లల మాటని ఎంతవరకు నమ్మాలి అన్నది ముందే తెలుసుకోవాలని ఆ లాయర్లు దేశాలు తిరుగుతూ పనిచేసే పిల్లలతో మాట్లాడుతున్నారు. పట్టమ్మాళ్ వాళ్ళుండే కోవిల్‌పట్టి చుట్టుపక్కల పనిచేసే పిల్లలంటే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల పిల్లలే. ఇక్కడ వాటిని ఫ్యాక్టరీలనరు, తీప్పెట్టి ఆఫీసులంటారు. ఆఫీసుకి పోతున్నాననే పిల్లల్లో సగం మందికి బడి గుమ్మం తెలీదు. యువరాణీ అలాంటి ఆఫీసుకే పోతుంది. పనిపిల్లల కోసం సంఘం నడిపే అముద, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే పట్టమ్మాళ్ వాళ్ళ దగ్గరికి వచ్చి, తనకి తెలుగు రాదు కనక అరవంలోనే చెప్పింది: "మీ ఆఫీసు సంగతి ఆ కోర్టుదాకా పోదక్కా. మీ పాప మాట మాత్రం పోతుంది. టేపులో పట్టుకెళ్ళి అక్కడి జడ్జీలకి వినిపిస్తారు."

"పెద్దవాళ్ళు చెప్పకూడదా?" అని పట్టమ్మాళ్ అడిగింది, ఏదో మాటవరసకి అడిగినట్టు.

"పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళే అక్కా. మీరు పక్కన కూర్చోవచ్చు."

పక్కన కూర్చోవడం ఆమెకు కొత్తా? పుట్టినప్పటినుంచీ చేస్తున్న పని అదే. ఏడేళ్ళప్పుడు ఆఫీసులో అక్కల పక్కన కూర్చుని అగ్గిపెట్టెల్లో పుల్లలు నింపింది. ఒకరోజు మూత తోస్తుంటే పుల్లలు రాసుకుని పెట్టె భగ్గుమంది, పక్కనున్న పెట్టెలంటుకున్నాయి, పావడా కుచ్చిళ్ళంటుకున్నాయి, ఎడంచెయ్యి మోచేతిదాకా కాలిపోయింది. మేస్త్రీ గోనెసంచీ తెచ్చాడు, తెచ్చి ముందు పెట్టెలమీద కప్పాడు. పిల్లమీద కప్పడానికి రెండోది వెతకాల్సి వచ్చింది. ఆస్పత్రి లేదు, కలబంద గుజ్జు పూశారు. పెళ్ళిచూపులనాడు కుడిపక్క కనబడేలా తిప్పి కూర్చోబెట్టారు, తాళి పడ్డాకే ఎడంచెయ్యి బయటపడింది. అత్త బొమ్మక్క ఇప్పటికీ చుట్టాలొస్తే, "చెయ్యి కప్పుకోని వడ్డించు, చూసినోళ్ళకి కూడు దిగదు," అంటుంది. మొగుడు వెంకటసామి, పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆ సంగతి చెప్పబోతే, అటు తిరిగి పడుకుంటూ, "ఎప్పుడో కాలిన చేతికి ఇప్పుడొక కతా? ఎవురికి కావాల నీ కత?" అన్నాడు. నిజమే, ఎవరికీ అక్కర్లేదు. అందుకని పిల్లకి చెప్పింది. పాలిచ్చేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు, పేలు చూసేటప్పుడు చెప్పింది. వినక తప్పని మనిషి ఇంట్లో అది ఒక్కతే. ఆమెకి మిగిలిన నగ ఆ కథే. అలాంటిది, ఇప్పుడు ఆ వినే పిల్లనే చెప్పమంటున్నారు. దానికోసం విమానమెక్కి వచ్చారు.

వెంకటసామి ఒప్పుకోడనుకుంది. తెల్లారకముందే ఆఫీసు బస్సుతో ఊరూరా తిరిగి పిల్లల్ని ఎక్కించుకొచ్చే ఏజెంటు అతనే మరి. అతనేమో నవ్వి, "పోనీలే, పెద్దపెద్ద దొరలు పిలిస్తే పోకుండా ఎట్ల," అన్నాడు. పెళ్ళాన్ని మాత్రం వంటింట్లోకి పిలిచి చెప్పాడు: "నువ్వు పక్కనే కూసో. బస్సు మాట రాకూడదు, నా పేరు రాకూడదు. అంతే నీ పని." ఆ తర్వాత రెండు సాయంకాలాలు పిల్లని అరుగుమీద కూర్చోబెట్టుకుని ఏదో మెల్లగా చెప్పుకొచ్చాడు. పట్టమ్మాళ్‌కి దానిమీద కూడా కడుపు మండింది. కాపురానికొచ్చి ఇన్నేళ్ళయింది, చారులో ఉప్పు సంగతి తప్ప అతను తన పక్కన కూర్చుని మాట్లాడిందేమన్నా ఉందా అని వెతుక్కుంది. ఏమీ దొరకలేదు.

విరుదునగర్‌లో అది ఒక చర్చి వెనక గది. కుర్చీలు గోడకి జరిపి చాప పరిచారు. మార్తా అనే నడివయసు దొరసాని చాపమీద యువరాణికెదురుగా మఠం వేసుకుని కూర్చుంది. నెరిసిన గడ్డం లాయరు ఒకాయన గోడ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. మధ్యలో టేపు, పక్కన అముద. దొరసాని ఇంగ్లీషులో అడిగితే అముద అరవంలోకి మార్చేది. దాహంగా ఉందా? ఫ్యాను ఎక్కువగా ఉందా? ఇక్కడ మీ అమ్మ ఉండటం నీకు ఇష్టమేనా? యువరాణి తల్లివైపు ఒకసారి చూసి తలూపింది. ఆ తర్వాత దాని చేతికి ఎర్ర అట్టముక్క ఒకటిచ్చారు. ఎప్పుడు చెప్పాలనిపించకపోతే అప్పుడు అది ఎత్తితే చాలు, అందరూ నోరు మూసుకుంటారట, ఎందుకని అడగరట.

పట్టమ్మాళ్ ఆ అట్టముక్కని చూసిన చూపు ఎవరైనా గమనించి ఉంటే భయపడేవాళ్ళు. ఇష్టమేనా అన్న మాట ఆమె చెవిన పడటం అదే మొదటిసారి, అదీ తనని కాదు. పెళ్ళి ఇష్టమేనా అని అడగలేదు. మళ్ళీ ఆడపిల్లేనని కడుపు తీయించడానికి తీసుకెళ్ళినప్పుడు అడగలేదు. తెల్లవారుజామున బస్సు డ్రైవరుకీ క్లీనరుకీ కాఫీ పెట్టి, వాళ్ళు పోయాక అత్తకి వేన్నీళ్ళు కాచి, ఆనక ఆఫీసుకెళ్ళి చీకటిపడేదాకా డబ్బీలంటించి వచ్చి, మళ్ళీ ఇంట్లో రోలు ముందు కూలబడితే, "పిండి పులుపెక్కలేదేమి?" అంటారు తప్ప ఒళ్ళు నొప్పిగా ఉందా అని అడగరు. అప్పుడెత్తడానికి ఆమె దగ్గర ఒక అట్టముక్క ఉంటేనా! ఎత్తిన చెయ్యి దించేది కాదు.

యువరాణి గొంతు సవరించుకుని అరవంలో మొదలుపెట్టింది. బడిలో పద్యం ఒప్పజెప్పినట్టు గడగడా చెబుతోంది. "నేను అగ్గిపెట్టెలో పుల్లలు నింపుతూ ఉన్నాను. మూత తోశాను. భగ్గుమంది. నా పావడా కుచ్చిళ్ళంటుకున్నాయి. మేస్త్రీ గోనెసంచీ తెచ్చి ముందు పెట్టెలమీద కప్పాడు..."

పట్టమ్మాళ్‌కి మొదట అర్థం కాలేదు. తన పెట్టె తెరిచి తన నగ ఎవరో పెట్టుకుని ఎదురుగా నిలబడితే గుర్తుపట్టడానికి కూడా కాస్త సమయం పడుతుంది. ఒక్క ముక్క వదల్లేదు పిల్ల. కలబంద గుజ్జు చల్లదనం చెప్పింది, కాలిన కుచ్చిళ్ళ వాసన చెప్పింది. అముద అదంతా ఇంగ్లీషులోకి మార్చింది. దొరసాని కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చానంటారే, పట్టమ్మాళ్ సంగతీ అంతే. కథ పోయినందుకు కాదు, దానికి ఇంకొకరు ఏడ్చినందుకు ఆమె ఒళ్ళంతా భగభగలాడిపోయింది. తను చెప్పినప్పుడు ఆవులించిన లోకం ఇది. ఇదే కథని నున్నటి చేతులపిల్ల చెబితే కన్నీళ్ళు పెట్టుకుంటోంది. ఈ టేపు సముద్రాలు దాటి వెళ్తుంది, అక్కడ జడ్జీలు కూడా కళ్ళు తుడుచుకుంటారు, తన మంట వీళ్ళ కన్నీళ్ళతో ఎప్పటికీ యువరాణిదైపోతుంది.

అప్పుడు గడ్డం లాయరు మెల్లగా అడిగాడు: "ఏ చెయ్యమ్మా కాలింది? నీకు అభ్యంతరం లేకపోతే చూపిస్తావా?"

యువరాణి కుడిచేత్తో ఎడంచేతిని గట్టిగా పట్టుకుంది. లాయరు కాగితంమీద ఏదో గీత పెట్టుకున్నాడు. ఆ గీతేమిటో పట్టమ్మాళ్‌కి ఇంగ్లీషు రాకపోయినా అర్థమైంది. పిల్లల మాట నమ్మలేం అని. ఒక్క తన పిల్ల మాటే కాదు, ఈ గుమ్మం బయట వరసలో కూర్చున్న పిల్లలందరి మాటా, వీళ్ళు చెప్పే ఆ యుద్ధాల ఊళ్ళలో పిల్లల మాటా ఆ గీతతో కొట్టుకుపోతాయి. ఒక్క క్షణం ఆమె మనసు 'బాగా అయింది' అంది. అనలేదంటే అబద్ధం. మరుక్షణం వంగి, కూతురి ఒళ్ళోంచి ఎర్ర అట్ట తీసి పైకెత్తింది.

"అక్కా, అది పాప ఎత్తాలి," అంది అముద.

"పాపకి చేతులు ఖాళీ లేవు," అని, ఆమె కూతురివైపు తిరిగి ఇంటి తెలుగులో అడిగింది: "ఎవురే నీకు నేర్పింది?"

"నాయన," అంది పిల్ల వెక్కుతూ. "ఇప్పటిది ఏమీ చెప్పకు, మీ అమ్మ కత చెప్పెయ్యి, ఆ ఆపీసు మూసి యేళ్ళయిపోయె, ఎవురికీ నష్టం లేదు అన్నాడు."

ఎవరికీ అక్కర్లేని కథ అవసరానికి ఎలా పనికొచ్చిందో చూడండి. పట్టమ్మాళ్ రవికె చెయ్యి మోచేతి పైదాకా లాగి, ముడతలుపడి మెరుస్తున్న చేతిని చాపమీద చాచింది. బయటివాళ్ళ ముందు ఆ చెయ్యి చాచడం పెళ్ళయ్యాక అదే మొదలు. "ఆ చెయ్యి ఇది," అంది అరవంలో. "ఆ మంట నాది. మా ఇంటాయన పిల్లకి అరువిచ్చాడు, నన్నడక్కుండా. పిల్లలు అబద్ధమాడతారని రాసుకోకండయ్యా. పెద్దవాళ్ళు నేర్పింది చెప్పింది. నేర్పనిది ఇంకా చెప్పలేదు, అది కూడా విని రాసుకోండి."

అముద మార్చి చెప్పింది. లాయరు కలం పక్కన పెట్టాడు. దొరసాని యువరాణిని, నీ సంగతి చెప్పడం నీకు ఇష్టమేనా అని మళ్ళీ అడిగింది.

యువరాణి తల్లినే చూస్తూ, "నాది చెప్పేదానికి ఏముందమ్మా? నాకు కాలలేదు గదా," అంది.

ఆ మాట పట్టమ్మాళ్‌కి తెలిసిన మాటే. ఈ పాఠం మాత్రం వెంకటసామి నేర్పింది కాదు, తనే నేర్పింది. కాలితేనే కథ, కాలనిదంతా బతుకు, దాన్నెవరు వింటారు అని పాలతోపాటు పట్టింది. తను మాత్రం వేరేగా అనుకుందా? రోలూ, కాఫీ గ్లాసులూ, వేన్నీళ్ళూ ఎప్పుడైనా ఎవరికైనా చెప్పుకోదగ్గవిగా తనకే అనిపించాయా? "చెప్పవే తల్లీ," అంది. "కాలనిదే చెప్పు."

ఒప్పజెప్పేది అయిపోయాక పిల్ల నోటికి అరవం రాలేదు, ఇంటి తెలుగే వచ్చింది. అముదకది అందలేదు. దాంతో పట్టమ్మాళ్ ఒక్కో మాటా అరవంలోకి మార్చి ఇస్తే, అముద ఇంగ్లీషులో చెబుతోంది.

"కోడి కూయకముందే బస్సు ముందు మా ఇంటి కాడనే నిలుస్తాది. నాయన నన్ను ముందు సీటులో కూసోబెట్టి లైటు ఏసి పెడతాడు, నేను బయటికి కనపడాలని. ఊరూరికీ పోయి, 'చూడండి, నా బిడ్డే వస్తా ఉండాది, మీ బిడ్డకేమి బయం' అంటాడు. వాళ్ళు నన్ను చూసి పంపించేస్తారు. ఆ పిల్లకాయలు నిద్రకళ్ళతో ఎక్కతా నన్నే చూస్తారు. ఆపీసులో ఎవురూ నా పక్కన కూసోరు. నా వల్లనే లేసి రావాల్సొచ్చిందంట."

పట్టమ్మాళ్ అంతా చెప్పింది. నాయన పేరేమిటని అడిగితే, మొగుడి పేరు నోటితో పలకని ఇంట పుట్టిపెరిగిన మనిషి, పిల్ల చెప్పింది చెప్పినట్టు "వెంకటసామి" అని చెప్పింది. పలికాక నాలుక ఊడిపడలేదు. ఇంకా చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఇన్నాళ్ళకి కూతురి కథలో తనకీ ఒక పని దొరికింది, తను లేకపోతే ఈ గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాదు. దొరసాని కూడా ఇప్పుడు ఇద్దరినీ చూసి మాట్లాడుతోంది.

"అంత పొద్దున్నే నిన్నెవరు లేపుతారు?" అని దొరసాని అడిగింది.

యువరాణి తల వంచుకుంది. తెలుగులో, చాప పుల్లలు పీకుతూ చెప్పింది: "అమ్మనే. లేవకుంటే మొగాన నీళ్ళు కొడతాది. ఏడిస్తే, 'నేను పోలేదా నీకన్న చిన్నప్పుడు? నీకేమి కొమ్ములు మొలిచినాయా?' అంటాది."

అముద పట్టమ్మాళ్ వైపు తిరిగింది. దొరసాని, లాయరు కూడా తిరిగారు. టేపు తిరుగుతూనే ఉంది. ఆ గదిలో తెలుగొచ్చినవాళ్ళు ఇద్దరే, రెండో మనిషి తల ఎత్తడం లేదు. 'మా అవ్వ లేపుతుంది' అంటే సరిపోతుంది. బొమ్మక్కకి ఆ మాత్రం పేరు రావడం న్యాయమే. ఇంట్లో అనే మాటల్లో సగం ఆవిడవే కదా. అవ్వ అన్న మాట పట్టమ్మాళ్ నాలుక చివరిదాకా వచ్చింది. కూతురి తలవైపు చూసింది. వంచిన ఆ తల మీద, తెల్లారకముందు చీకట్లో తను హడావిడిగా దువ్విన పాపిడి వంకరగా ఉంది. ప్రతిరోజూ ఆ నీళ్ళు కొట్టేటప్పుడు తన లోపల కాస్త చల్లగా ఉండేదని, తనకి దొరకని నిద్ర దీనికీ దొరకడం లేదన్న చల్లదనం అదని, ఆమెకి ఇప్పుడు తెలిసింది.

"అమ్మే లేపుతుంది," అని పట్టమ్మాళ్ అరవంలో, టేపుకి బాగా వినబడేలా చెప్పింది. "లేవకపోతే మొహాన నీళ్ళు కొడుతుంది. ఏడిస్తే, నేను పోలేదా అంటుంది."

ఆ తర్వాత, పిల్ల చెప్పని మాట ఒక్కటి తనే చేర్చింది.

"రేపటినుంచి లేపదు."